ఎదురుచూపులకూ ఎగతాళేనా?

పొద్దున్నే ఇరవై రెండేళ్ళ కొడుకు మొహం వేలాడేసుకుని వంటింటి గడపలో కూర్చుంటే ఏ తల్లికైనా ఏం తోస్తుంది చెప్పండి? నాకు రెండు తోచాయి. ఒకటి, ఉద్యోగం వూడింది. రెండోది, ఎవరో పిల్ల కాదంది. మూడోది కూడా వుంటుందని 2025 నవంబరు 7వ తేదీన తెలిసొచ్చింది. కార్తీక శుక్రవారం. తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చేసరికి మావాడు చేతిలో ఫోను పట్టుకుని గడపకడ్డంగా కూర్చున్నాడు.

"ఏమైంది నాయనా?"

"వాయిదా పడింది మా."

"ఏంది పడింది? పరీక్షనా?"

"పరీక్షలెక్కడివి మా నాకిప్పుడు? ఆట. మే నెల్లో వస్తాదన్నారు గదా. నవంబరుకు జరిపినారు. మళ్ళా ఆర్నెల్లు."

నేను "హమ్మయ్య!" అన్నాను. మనసులో కాదు, పైకే అన్నాను. వాడు నాకేసి ఒక్క చూపు చూసి లేచి వెళ్ళిపోయాడు. ఉగ్గానీ బజ్జీ చేసిన రోజున, ముట్టకుండా.

ఆ చూపు గురించి రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను. మీలో కొందరికి నా మాటలు నచ్చకపోవచ్చు. నచ్చనివాళ్ళు చివరిదాకా చదవాలని నా కోరిక.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ ఆట పేరు గ్రాండ్ తెఫ్ట్ ఆటో. కార్ల దొంగతనమని అర్థంట. పేరు వినగానే మీకెలా వుందో నాకూ అలాగే వుండింది. అందులో అయిదో నంబరుది 2013 సెప్టెంబరు 17న వచ్చింది. అప్పుడు మావాడికి పదేళ్ళు. ప్రపంచం మొత్తం మీద 20 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయిందట. ఆరోది ఎప్పుడొస్తుందా అని అప్పట్నించీ చూస్తున్నారు. 2022 ఫిబ్రవరిలో, చేస్తున్నాం అని ఒక్క ముక్క చెప్పారు. 2023 డిసెంబరులో ఒకటిన్నర నిముషం ట్రైలరు వదిలితే ఒక్క రోజులో 9 కోట్ల సార్లకు పైగా చూశారు జనం. 2025లో వస్తుందని అందులోనే వేశారు. 2025 మే 2న, కాదు, 2026 మే 26 అన్నారు. నవంబరు 6న, మనకు తెల్లవారితే 7న, అదీ కాదు, 2026 నవంబరు 19 అన్నారు. పదేళ్ళవాడు ఇరవై రెండేళ్ళవాడయ్యాడు. మీసాలొచ్చాయి. ఆట రాలేదు.

ఈ మధ్యకాలంలో వాళ్ళు ఖాళీగా కూర్చున్నారనుకుంటున్నారా? కంపెనీవాళ్ళు ఏదో బొమ్మ పెడతారు. అందులో ఆకాశాన చందమామ వుంటుంది. అది సప్తమి చంద్రుడా, పౌర్ణమి చంద్రుడా అని లెక్కలు కట్టి, ఫలానా తేదీన రెండో ట్రైలరు వస్తుందని 2024లో తేల్చారట కుర్రాళ్ళు. అమెరికాలో వాళ్ళూ, ఇంగ్లండులో వాళ్ళూ, కల్లూరులో మావాడూ. మా అత్తగారు తిథి మిగులూ తగులూ చూసి ఏకాదశి ఎవరిదో తేల్చినట్టు! ఆ తేదీ వచ్చింది, పోయింది, ఏమీ రాలేదు. అయినా మావాడు, "లెక్క తప్పు మా, చంద్రుని తప్పు లేదు" అన్నాడు. మా అత్తగారు కూడా సరిగ్గా అదే మాటనేవారు.

ఇంత కథ నీకెలా తెలుసమ్మా అంటారేమో. వాడే చెప్పాడు. నా బాధంతా ఆ సంగతి దగ్గరే వుంది. మావాడు మాటకారి కాదు. ఇంటర్మీడియెట్టులో చేరిన నాటి నుంచి అన్నిటికీ ఒకే మాట: ఊ. అన్నం తిన్నావా, ఊ. జీతం వచ్చిందా, ఊ. ఎస్టేటులో ఒక కంప్యూటర్ షాపులో పని వాడికి. రాత్రి తొమ్మిదికి వస్తాడు. నేను పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని ఈ ఒక్క ఆట గురించి మాత్రం అరగంట చెప్పేవాడు. నాకు సగం అర్థమయ్యేది కాదు. ఊ కొట్టడం ఇప్పుడు నా వంతు. ఆ అరగంట కోసం నేను రెండు రొట్టెలు ఎక్కువ కాల్చేదాన్ని. తల్లులకు వివరించి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆ శుక్రవారం తర్వాత ఆదివారం మా వాళ్ళందరం కార్తీక వనభోజనాలకు వెళ్ళాం. ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేశాం. ఎవరు చెప్పారో, మా ఆడబిడ్డ భర్తకు సంగతి తెలిసింది. అందరూ తింటుండగా గట్టిగా అందుకున్నాడాయన.

"ఏమల్లుడూ! నీ ఆట మళ్ళా వాయిదానంట గదా? అది వచ్చే పొద్దుకు నీకు పెండ్లయి ఇద్దరు పిల్లోళ్ళు పుడతారు లే. ముగ్గురూ కూర్చోని ఆడుకోండి!"

విస్తరి ముందున్న ముప్పైమందీ నవ్వారు. మావారు అందరికంటే గట్టిగా నవ్వారు. మావాడూ నవ్వాడు పాపం. పెరుగన్నం దాకా రాకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి పీట గోడకానుకునే వుంది. తొమ్మిదికి వస్తాడు, తింటాడు, పోతాడు. ఏరా, కొత్త సంగతేమన్నా వచ్చిందా అంటే, "ఏం లేదు మా."

అందుకని, నవ్వినవాళ్ళ చిట్టా ఒకటి నా దగ్గరుంది, ఇప్పుడు విప్పుతాను.

మొదట అన్నగారి సంగతే చెప్తాను. 2015 జూలై 10న బాహుబలి వచ్చింది. కట్టప్ప పొడిచాడు. ఎందుకు పొడిచాడో చెప్పకుండా బొమ్మ ఆపేశారు. రెండో భాగం వచ్చింది 2017 ఏప్రిల్ 28న. ఈ రెండేళ్ళూ మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ అన్నగారు కాఫీ తాగుతూ ఆ చర్చ పెట్టేవారు. రాణీగారి ఆజ్ఞ అయివుంటుందని ఒకసారి, అసలు చచ్చినవాడు వేరే అని ఒకసారి. ఆయనప్పటికే పెన్షనుదారు. ఎవరైనా నవ్వామా? నేనైతే రెండో కాఫీ కూడా ఇచ్చాను.

అంతెందుకు, మన తెలుగుదేశంలో సినిమా అభిమానుల సంగతి ఎవరికి తెలియదు? కొత్త బొమ్మ గురించి కబురు చెప్పండి, కబురు చెప్పండి అని నిర్మాతల ప్రాణం తీస్తారు. 2023 ఫిబ్రవరిలో అమిగోస్ సినిమా సభలో జూనియర్ ఎన్టీఆర్ అంతటివాడు వాళ్ళను బతిమాలుకోవలసి వచ్చింది. చెప్పదగిన కబురుంటే ఇంట్లో భార్య కన్నా ముందు మీకే చెబుతామన్నాడు. (ఆ ఇల్లాలు ఈ మాట విని ఏమనుకుందో మాత్రం ఏ పత్రికా రాయలేదు.) దానికి మనం అభిమానమని పేరు పెట్టుకున్నాం. మావాడిదైతే పిచ్చి!

ఇక మావారు. పొద్దున పేపరు రాగానే మొదట వెతికేది కర్నూలుకు హైకోర్టు సంగతి. తప్పు పట్టడం లేదు. 1937లో శ్రీబాగ్ ఒప్పందంలో రాజధానో హైకోర్టో ఒకటి సీమకని రాసుకున్నారు. 1953 అక్టోబరు 1న రాజధాని మా కర్నూలుకే వచ్చింది. డేరాల్లో కచేరీలు నడిచాయని మా మామగారు చెప్పేవారు. 1956 నవంబరు 1న హైదరాబాదుకు తరలిపోయింది. ఆ తర్వాత ఎన్ని మాటలు, ఎన్ని తేదీలు! 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని శాసనసభ తీర్మానం చేస్తే మావారు ఆ పేపరు కత్తిరించి దాచుకున్నారు. రాత్రి ఫోనులో ఎవరెవరో పంపినవన్నీ చదివి, "ఈసారి ఖాయమే" అంటారు. మావాడూ అచ్చం ఇదే గొంతుతో అనేవాడు, ఈసారి ఖాయం మా అని. తండ్రీ కొడుకులు కారూ మరి! ఒకసారి వాడే నన్నడిగాడు, "మా, నాయన హైకోర్టు ముందొస్తాదా, నా ఆట ముందొస్తాదా?" అని. వాళ్ళనాయనకు వినపడకుండా ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు వేరు, ఉసిరిచెట్టు కింద నవ్వు వేరు.

నీళ్ళ కోసం, వాన కోసం, నోట్లో మట్టి కొట్టని రేటు కోసం తరతరాలుగా ఎదురుచూసిన గడ్డ మనది. తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రం కనపడుతుందని పొద్దస్తమానం నేల చూస్తూ నడుస్తారు. వాళ్ళకు లేని పిచ్చి ఫోను చూసేవాడికెక్కడిది?

ఆఖరున మన సంగతి. అవునండీ, మీదీ నాదీ. ఆ రోజు మగవాళ్ళ కన్నా నన్ను ఎక్కువ పొడిచింది మా ఆడవాళ్ళ నవ్వే. వాళ్ళలో నలుగురు నాతో కలిసి తులసిదళం ధారావాహికగా వచ్చే రోజుల్లో వారం వారం చచ్చి బతికినవాళ్ళు! కల్లూరు అప్పుడు ఊరే గాని పట్నం కాదు. వారపత్రిక కావాలంటే హంద్రీ వంతెన దాటి కర్నూలుకు పోవాలి. మగపిల్లల్ని బతిమాలి, చెనిక్కాయల ఉండలు లంచం పెట్టి తెప్పించుకునేవాళ్ళం. ఒక కాపీ, ఏడిళ్ళు. చివరింటికి చేరేసరికి అట్ట వుండేది కాదు. ఎవరైనా ముందు చదివి కథ చెప్పబోతే చెవులు మూసుకునేదాన్ని. "పుస్తకాల పిచ్చి పట్టినదాన్ని ఎవడు చేసుకుంటాడే!" అని మా జేజి రోజూ తిట్టేది. నవలలు చదివి ఆడవాళ్ళు చెడిపోతున్నారని పెద్దపెద్దవాళ్ళు సభలు పెట్టి మరీ బాధపడ్డారు ఆ రోజుల్లో. మర్చిపోయారా?

ఒక సీరియల్ పేజీలు చింపి దాచి నేనే దబ్బనంతో కుట్టి బైండు చేసుకున్నాను. పన్నెండో వారం పత్రిక మా ఊరికి రాలేదు. నా బైండులో ఇప్పటికీ పదకొండు తర్వాత పదమూడే. ఆ వారం ఏం జరిగిందోనని ఏడాది పాటు ఎన్ని ఊహించుకున్నానో! తీరా నవల అచ్చయ్యాక అద్దెకు తెచ్చి ఆ ముక్క చదివితే, హీరో కారు తుడుచుకోవడం తప్ప అందులో ఏమీ లేదు. నా ఊహలే బాగున్నాయి.

ఈ రోగం మనతో పుట్టిందీ కాదు. షెర్లాక్ హోమ్స్‌ను 1893లో కథలో చంపేస్తే చదివేవాళ్ళు రచయితను ఉత్తరాలతో తిట్టిపోశారు. 1901లో ఇంకో కథలో మళ్ళీ కనపడేదాకా వాళ్ళు మర్చిపోనేలేదు. ఎనిమిదేళ్ళు! వాళ్ళెవరూ వనభోజనాల్లో విస్తరి ముందు నుంచి లేచిపోయారని ఎక్కడా చదవలేదు.

ఇక్కడ నన్ను ఆపి ఒకరంటారు: అమ్మా, ఆటల వల్ల కొంపలు కూలుతున్నాయి, నువ్వేమో వత్తాసు పలుకుతున్నావు. కూలుతున్నాయి. కాదనను. కాని ఏ ఆట? ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడి అప్పులపాలైన ఇళ్ళు మనకు తెలుసు. 2020లో మన రాష్ట్రం దాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ డబ్బు పందెం ఆటల మీద పార్లమెంటు చట్టం చేసింది. మంచి పని చేశారు. అది పేకాట. ఇది ఒకసారి కొనుక్కుని ఇంట్లో కూర్చుని ఆడుకునే కథ. మన వీధిలో మాత్రం ఫోనులో కదిలేదంతా పబ్జీయే, పబ్జీ అంతా జూదమే. వరి అన్నాన్నీ సారాయినీ ఒకే గింజలోంచి వచ్చాయని ఒకే గాట కట్టేసినట్టు.

తుపాకులూ దొంగతనాలూ వున్నాయి కదా అంటే, ఉన్నాయి. అది పద్దెనిమిది నిండని పిల్లలకు కాదు. పాతదాని డబ్బా మీద ఆ అంకె వేసే అమ్మారు. మావాడు పద్నాలుగో ఏట స్నేహితుడింట్లో ఆ పాతది ఆడొచ్చాడు. ఆ తప్పు నాది. డబ్బా చూడలేదు, అడగలేదు, ఇంట్లోనే వున్నాడు కదా చాల్లెమ్మని వూరుకున్నాను. పదేళ్ళ పిల్లాడి చేతికి ఫోనిచ్చి పేరంటానికి వచ్చిన అమ్మలు ఈ మాట నాతోపాటు కొంచెం పంచుకోవాలి. ఇరవై రెండేళ్ళవాడి మీద ఆ సాకు చెల్లదు.

మా అన్నగారు ఆ రోజు ఇంకో మాట కూడా అన్నారు: "ఉద్యోగ ప్రకటన కోసం చూస్తే అర్థముంది, ఆటకోసం ఎవడైనా చూస్తాడా?" అని. ఆ మాట నాకు పట్టుకుంది. మన ఆడపిల్లలు టీచరు ఉద్యోగాలకు డీయస్సీ కోసం చూశారు. 2018లో ఒకటి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులన్నారు, అది రద్దయింది. 16,347 పోస్టులతో మెగా డీయస్సీ వచ్చింది 2025 ఏప్రిల్ 20న. ఏడేళ్ళు. వచ్చే నెలట, పండగ వెళ్ళాకట, ఎన్నికలయ్యాకట అని ఫోన్లు చూసుకుంటూ, కోచింగు గదుల అద్దెలు కట్టుకుంటూ, పెళ్ళిళ్ళు వాయిదా వేసుకుంటూ. మావాడి చంద్రుడి లెక్కలకూ వాళ్ళ లెక్కలకూ తేడా ఏమిటో నాకు చెప్పండి. తేడా ఒకటుంది లెండి. ఆటవాళ్ళు రెండు వాయిదాలకూ ఒక కాగితం రాసి, ఆలస్యమైనందుకు మన్నించమన్నారు. మావాడు దాన్ని తెలుగు చేసి చదివి వినిపించాడు మొదటిసారి. ఇన్నేళ్ళు కూర్చోబెట్టినందుకు మన ఆడపిల్లలకు ఒక మన్నింపు కాగితం వచ్చినట్టు నేనెక్కడా చదవలేదు.

అలాగని ఆ కంపెనీకి హారతి పట్టను. ఎదురుచూపు కూడా వాళ్ళకు సరుకే. చిటికెడు చూపించి సంవత్సరం నోరు వూరిస్తారు. పైగా ఆ ఆట మొదట వచ్చేది టీవీకి తగిలించే పెట్టెల మీదేనట. ఆ పెట్టె యాభై వేల చిల్లర. మావాడి దగ్గర అది లేదు! ఈ మాట విన్న రోజు నాకు నోట మాట రాలేదు. ఆడటానికి పెట్టె లేని ఆట కోసం పన్నెండేళ్ళా? "వచ్చే పొద్దుకు కొంటాలే మా" అన్నాడు. జీతంలోంచి నెలకు రెండు వేలు పక్కన పెడుతున్నాడని తర్వాత బీరువాలో కవరు చూస్తే తెలిసింది. నేను చీటీ కట్టడం ఎవరికీ చెప్పకుండా ఇరవయ్యేళ్ళు నడిపినదాన్ని. వాడికి ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో అడగక్కర్లేదు.

ఆలస్యం చేస్తున్నారని నేను కోపంగా మాట్లాడితే వాడే వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడొకసారి. 2018లో ఆ కంపెనీ ఇంకో ఆటకు పనివాళ్ళ చేత రాత్రింబవళ్ళు చేయించిందని పెద్ద గొడవైందట, వారానికి వంద గంటల మాట కూడా బయటికొచ్చిందట. "అట్ల మనుషుల్ని పిండి తొందరగా తెచ్చేదానికంటే లేటే మేలు గదా మా. బెంగుళూరులో గూడా వాళ్ళకు ఆఫీసుంది. మనూరోళ్ళు గూడా ఉండొచ్చు అండ్ల." రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే బెంగుళూరు. ఎవరో ముఖం తెలియని పనివాళ్ళ నిద్ర గురించి ఆలోచించిన పిల్లవాడిని, పనీపాటా లేని పిచ్చోడని ముప్పైమంది కలిసి నవ్వాం. నవ్వాం అనే రాస్తున్నాను. "హమ్మయ్య" అన్నది నేనే కదా.

మొన్న రాత్రి ఒక పని చేశాను. వాడు పళ్ళెం ముందు కూర్చోగానే, నేనే పీట వేసుకుని అడిగాను.

"ఒరేయ్, ఆ ఆటలో ఆడపిల్ల వుందంటివే, జైల్లో వుండేది. ఏం పేరు?"

వాడు తలెత్తి చూశాడు. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని నా మొహం కాసేపు వెతికాడు.

"లూసియా."

"ఏం చేసి జైలుకు పోయింది ఆ పిల్ల?"

"ఇంట్లోవాళ్ళకోసం కొట్లాడి పోయిందని రాసినారు."

"మరి బయటికెట్ల వచ్చింది?"

"అదృష్టం కొద్దీ అంట."

"ఏం అదృష్టం? ఎవరన్నా విడిపించినారా? తప్పించుకున్నదా?"

"అది చెప్పలేదు మా ఇంకా." రొట్టె ముక్క చేతిలోనే పట్టుకుని కొంచెం ఇటు తిరిగాడు. "దాని మీదనే గదా అందరూ కొట్లాడుకునేది. నన్నడిగితే ఏమంటానంటే..."

పెనం మీద రొట్టె మాడింది. మావారు ముందుగదిలోంచి ఏందో వాసనొస్తోందని కేకేశారు. మేమిద్దరం పలకలేదు.